న్నేవిలో కాపురం: తొమ్మిదేళ్లు ఉండి వచ్చినదాన్ని, నాకు తెలిసింది చెప్తాను

మీ వారికి నైజీరియాలో న్నేవి అనే ఊళ్లో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చిందని, నాలుగేళ్ల పాపతో మీరూ వెళ్లాలా వద్దా తేల్చుకోలేకపోతున్నానని రాశారు. అక్కడి మనుషులు ఎలాంటివాళ్లు, మాంసం ముట్టని మనం ఏం తిని బతకాలి, రోజంతా ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కదా అని అడిగారు. నెట్‌లో వెతికితే కిడ్నాప్ వార్తలు, లేదంటే 'ఆఫ్రికా జపాన్' అనే పొగడ్త, ఈ రెండే కనబడ్డాయన్నారు. నేను 2008 నుంచి 2017 దాకా ఆ ఊళ్లోనే ఉన్నాను. మా ఆయన ఒక ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్‌లో పనిచేసేవారు, నేను సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పక్కింటావిడతో ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఫోన్ మాట్లాడతాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

న్నేవి అనంబ్రా రాష్ట్రంలో ఉంది. నైజర్ నది ఒడ్డున ఒనిచా అని పెద్ద వ్యాపార పట్నం ఉంది, అక్కడి నుంచి ఇరవై, పాతిక కిలోమీటర్లు. నేల ఎర్రగా ఉంటుంది, ఎక్కడ చూసినా పామ్ ఆయిల్ చెట్లు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వాన. ఊరు నాలుగు పేటలు: ఒటోలో, ఉరువాగు, ఉముడిమ్, న్నేవిచి. పెద్దరికం ఒటోలోది. ఆ పేట పెద్దే ఊరంతటికీ 'ఇగ్వే', అంటే రాజు. కెనెత్ ఒరిజు గారు 1963లో ఆ గద్దె ఎక్కారు. అధికారం ప్రభుత్వానిదే అయినా, భూమి తగాదాల దగ్గర ఇగ్వే మాటకు ఎంత బరువుందో వెళ్లిన ఆరు నెలల్లో మీకే తెలుస్తుంది.

వెళ్లిన కొత్తలో నాకు అర్థం కానిది ఒకటే. ఊళ్లో రోడ్లు గుంతలు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, కానీ ప్రతి సందులోనూ పెళ్లి మండపంలా మూడంతస్తుల మేడ, చుట్టూ కోటగోడలాంటి ప్రహరీ. గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప లోపల మనిషి ఉండడు. "ఎవరిదీ ఇల్లు?" అని పక్కింటావిడని అడిగితే, "మా మరిది వరసవాళ్లది. వాళ్లు లాగోస్‌లో ఉంటారు" అంది. "మరి ఇక్కడ ఇంత ఇల్లు ఎందుకు?" అంటే నన్ను వింతగా చూసింది. "ఇల్లు ఇక్కడ కాక ఇంకెక్కడ కడతారు?"

ఆ జవాబులోనే ఊరంతా ఉంది. అక్కడి జనం ఇగ్బోవాళ్లు. వ్యాపారం కోసం ఎక్కడికైనా పోతారు. లాగోస్, కానో, గ్వాంగ్‌జౌ, హ్యూస్టన్. కానీ సంపాదించింది సొంతూళ్లో కనబడాలి. లాగోస్‌లో ఎన్ని ఫ్లాట్లున్నా ఊళ్లో ఇల్లు లేనివాణ్ని మనిషిగా లెక్కపెట్టరు. చనిపోతే శవం సొంత ఆవరణకే రావాలి. నేనున్నప్పుడే, 2012 మార్చిలో, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని బయాఫ్రా పేరుతో వేరే దేశంగా ప్రకటించిన నాయకుడు ఒజుక్వుని ఉముడిమ్‌లోని సొంత ఆవరణలో ఖననం చేశారు. చనిపోయింది లండన్‌లో, అంతకు మూడు నెలల ముందు. ఆ రోజు మా వీధిలోంచి బయటికి అడుగు పెట్టడానికి లేకపోయింది, అంత జనం.

డిసెంబరు 20 దాటాక ఆ తాళం వేసిన మేడలన్నిటికీ దీపాలు వస్తాయి. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అవుతుంది చూడండి, అలాంటిదే, పదింతలు. నైజర్ వంతెన మీద బస్సులు గంటలకొద్దీ నిలిచిపోయేవి. 2023లో రెండో వంతెన ప్రారంభించాక కాస్త నయమట. ఆ రెండు వారాల్లోనే పెళ్లిళ్లు, బిరుదులు పుచ్చుకోవడాలు, గృహప్రవేశాలు, 'ఉమున్నా' మీటింగులు. ఉమున్నా అంటే ఒకే తాత సంతతి, మన భాషలో దాయాదులు. మన దగ్గర దాయాది అంటే కోర్టు కేసు గుర్తొస్తుంది. అక్కడా తగాదాలకు తక్కువేం లేదు గానీ, ఉమున్నా వెలేస్తే మాత్రం మనిషి పని అయిపోయినట్టే. పెళ్లికి రారు, చావుకి గొయ్యి తవ్వరు. చందా కట్టకపోతే ఇంటి ముందుకొచ్చి కూర్చుంటారు.

ఇంటి ఓనరు ఎలాగూ మిమ్మల్ని పిలుస్తారు, కాబట్టి అతిథికి మర్యాదగా పెట్టే కోలా కాయ సంగతి ముందే చెప్పేస్తాను. మేం దిగిన వారానికి మా ఓనరు గారు పిలిచారు. ఆవరణ ముందు భాగంలో ఇంటి యజమాని కూర్చునే గదిని 'ఓబీ' అంటారు. ఒక కుర్రాడు చెక్క పళ్లెంలో 'ఓజి', అదే కోలా కాయలు, నాలుగు తెచ్చి మా ఆయన ముందు పెట్టాడు. మా ఆయన ప్రసాదం అనుకుని ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు! గది నిశ్శబ్దం అయిపోయింది. తర్వాత ఓనరు గారి అన్నగారు పగలబడి నవ్వారు, అందరూ నవ్వారు, మేం బతికిపోయాం.

పద్ధతి ఏమిటంటే, పళ్లెం అతిథికి 'చూపిస్తారు'. చూసి తాకి పంపేయాలి. అక్కడున్న మగవాళ్లందరి దగ్గరికీ చుట్టరికం వరసలో తిరిగి మళ్లీ ఇంటాయన చేతికే వస్తుంది. "రాజుగారి ఓజి రాజుగారి చేతిలోనే ఉంది" అంటారు అప్పుడు. పెద్దాయన కాయ పట్టుకుని ప్రార్థన చేస్తాడు. అది ఇగ్బోలోనే చేయాలి, ఎందుకంటే కోలాకి ఇంగ్లిష్ రాదు. ఈ మాట వాళ్లు నవ్వుతూనే అంటారు గానీ, నియమం మాత్రం నిజమే. గద్దా వాలనీ, డేగా వాలనీ అని ఒక మాట తప్పకుండా వస్తుంది, అంటే నువ్వూ బతుకు, నేనూ బతుకుతాను అని. ప్రతి వాక్యానికీ అందరూ "ఇసే!" అంటారు, మన తథాస్తులాగా. ఆ రోజు కాయ నాలుగు పలుకులుగా విడింది, ఓనరు గారి మొహం వెలిగిపోయింది. నాలుగంటే నాలుగు సంత రోజులు, శుభం. వేరుశనగలు, మిరపకాయ నూరిన ముద్దలో అద్దుకుని తింటారు, అచ్చం మన పల్లీ పచ్చడే. కాయ వగరు, చేదు. పైన నీళ్లు తాగితే ఉసిరికాయ తిన్నట్టు తియ్యగా ఉంటుంది.

వచ్చేటప్పుడు ఒక కాయ విడిగా మా ఆయన చేతిలో పెట్టారు. ఇంటికి చేరాక ఎవరిచ్చారో ఆ కాయే చెప్తుందట. మనం తాంబూలం ఇచ్చి పంపడం గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. అయితే ఇంకోటి కూడా గమనించాను. పళ్లెం నా దగ్గరికి రాలేదు. పలుకులు చేశాక నాకూ ముక్క ఇచ్చారు గానీ, చూపించడం, విరవడం మగవాళ్లవే. తొమ్మిదేళ్లలో ఇది నాకు పూర్తిగా మింగుడు పడలేదు, మీకూ పడకపోవచ్చు.

నాలుగు సంత రోజులన్నాను కదా. ఇగ్బో వారం నాలుగు రోజులే: ఎకె, ఒరియె, అఫో, న్‌క్వో. న్నేవి పెద్ద సంత న్‌క్వో రోజుది, బజారు పేరే న్‌క్వో న్నేవి. మన ఏడు రోజుల వారంతో కలవదు కాబట్టి, ఆదివారమూ న్‌క్వో ఒకే రోజు పడితే మళ్లీ అలా పడేది 28 రోజులకి. నేను పిల్లలకి కనిష్ఠ సామాన్య గుణిజం చెప్పడానికి ఇదే ఉదాహరణ వాడేదాన్ని, ఒక్కడు కూడా తప్పు చెప్పలేదు. ఇంటిపేర్లలోనూ ఈ రోజులే. ఎకె నాడు పుట్టినవాడు ఒకెకె, ఒరియె నాడైతే ఒకోయె, అఫో నాడైతే ఒకఫో, న్‌క్వో నాడైతే ఒకోన్‌క్వో. హాజరు పట్టీ చదువుతుంటే వీళ్ల ముత్తాతలు ఏ రోజు పుట్టారో తెలిసిపోయేది.

బజారుకి ఎప్పుడు వెళ్లినా మోటార్‌ సైకిల్, కారు విడిభాగాల కొట్లు వరసలు వరసలుగా ఉంటాయి. మనవాళ్ల బజాజ్ ఆటోలే అక్కడ 'కేకే', మనవాళ్ల బాక్సర్ బైకులే అక్కడ 'ఒకాడా'. పరాయి దేశంలో బజాజ్ క్లచ్ ప్లేట్లు గుట్టలుగా చూసి అంత ఆనందపడతానని నేనెప్పుడూ అనుకోలేదు. ఈ విడిభాగాల వ్యాపారమే ఊరికి ప్రాణం. మొదట తైవాన్ నుంచి దిగుమతి చేసి అమ్మారు, ఆ తర్వాత తామే తయారు చేయడం మొదలుపెట్టారు. క్యూటిక్స్ కేబుల్ కంపెనీ 1982లో పుట్టింది, ఇన్నోసన్ వాహనాల ఫ్యాక్టరీ 2010లో తెరిచారు. మీ వారిలాంటివాళ్లని అంత దూరం నుంచి పిలిపించుకునేది అందుకే.

కానీ ఫ్యాక్టరీల కంటే నన్ను ఆశ్చర్యపరిచింది కొట్లలో ఉండే కుర్రాళ్లు. మా పక్కింటాయన కొట్లో ముగ్గురుండేవారు, పన్నెండు నుంచి పంతొమ్మిదేళ్ల వయసు. జీతం లేదు. తిండి, బట్ట, పడక యజమానివే. ఆయన్ని 'ఒగా' అంటారు, కుర్రాడు 'బోయి'. ఐదేళ్లో ఏడేళ్లో పనిచేశాక ఒగా అతనికి డబ్బో, సరుకో, కొట్టో ఇచ్చి సొంతంగా నిలబెట్టాలి. దాన్ని 'సెటిల్' చేయడం అంటారు. అలా నిలబడినవాడు తర్వాత తనూ ముగ్గుర్ని నిలబెడతాడు. సెటిల్ అయినవాడు పాత ఒగా కొట్టుకి నాలుగు కొట్ల అవతల అదే సరుకు అమ్ముతాడు. మన దగ్గరైతే 'పాముకి పాలు పోశాను' అంటారు. అక్కడ "నా బోయిలు ఎంతమంది సెటిల్ అయ్యారో చూడు" అని గొప్ప చెప్పుకుంటారు.

ఈ పద్ధతి ఇంత బలపడడం వెనక యుద్ధం ఉంది. 1967 మేలో ఈ ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోయింది, 1970 జనవరిలో ఓడిపోయింది. ఆ మూడేళ్లలో పది లక్షల మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆకలితోనే. యుద్ధం అయ్యాక బ్యాంకులో ఎంత దాచుకున్నా చేతికి 20 పౌండ్లే ఇచ్చారు. మా ఓనరు గారి తల్లి ఆ సంగతి చెప్పేటప్పుడు కోపంగా చెప్పేది కాదు, లెక్క చెప్పినట్టు చెప్పేది. అప్పు పుట్టని చోట ఒకణ్ని ఒకడు పైకి లాక్కోవడం తప్ప దారేముంది?

ఆ ముగ్గురిలో పెద్దవాడు సాయంత్రాలు నా దగ్గర లెక్కలు నేర్చుకునేవాడు. ఇరవై రకాల బేరింగుల ధరలు, తగ్గింపుతో సహా నోటితో చెప్పేసేవాడు, నేను కాలిక్యులేటర్ తీసేలోపు. వాడి సెటిల్‌మెంట్‌కి నన్నూ పిలిచారు. రెండు వైపుల పెద్దలు కూర్చున్నారు, కోలా విరిచారు, ఒగా డబ్బు కట్ట అందరి ముందూ లెక్కపెట్టి ఇచ్చాడు. వాళ్లమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చింది. అన్నీ ఇలాగే జరగవు. ఇంకో వీధిలో ఒక ఒగా ఆరో ఏడాది చివర్లో దొంగతనం అంటగట్టి కుర్రాణ్ని వట్టి చేతులతో పంపేశాడు. ఆ పిల్లవాడు తప్పు చేశాడో లేదో ఎవరికీ తెలియదు, ఆరేళ్లు మాత్రం పోయాయి. నా క్లాసులో ఆడపిల్లలు ఎక్కువ, మగపిల్లలు తక్కువ ఉండడానికి కారణం కూడా ఈ కొట్లే.

తిండి గురించి మీ టెన్షన్ సగం తగ్గిస్తాను. అక్కడి దుంపలన్నీ మనకి చుట్టాలే: పెండలం, కర్రపెండలం, చేమ. కర్రపెండలం తురిమి పులియబెట్టి వేయించిన నూకని 'గరి' అంటారు, వేడినీళ్లలో కలిపితే 'ఎబా' ముద్ద అవుతుంది. రాగి సంగటి తిన్నట్టే, ముద్ద తుంచి గుంట చేసి పులుసులో ముంచి నమలకుండా మింగాలి. బొబ్బర్లు బస్తాల్లో దొరుకుతాయి. వాటితో వేసే 'అకారా' మన బొబ్బర్ల వడే, రోడ్డు పక్కన పొద్దున్నే వేడివేడిగా. బెండకాయ పుష్కలం. ఇంగ్లిష్‌లో 'ఓక్రా' అనే మాటే ఇగ్బో నుంచి వచ్చింది, వాళ్లు 'ఒక్వురు' అంటారు. మనం జిగురు పోవాలని ఎండబెడతాం, వాళ్లు జిగురు రావాలని తురుముతారు. 'ఉగు' అనే ఆకుతో పప్పు చేస్తే పాలకూర పప్పుకి తీసిపోదు. కందిపప్పు, చింతపండు, ఇంగువ మాత్రం ఇక్కడి నుంచి పట్టుకెళ్లండి.

అక్కడి గొప్ప వంట 'ఒఫె ఒనుగ్బు', చేదాకు పులుసు. పక్కింటావిడ నాకు నేర్పింది. ఆకుని ఉప్పు వేసి బట్టలు ఉతికినట్టు పిసకాలి, పచ్చటి నురగ వస్తుంది, పారబోసి మళ్లీ పిసకాలి. నేను మూడోసారికే ఆపేస్తే ఆవిడ ఒక ఆకు కొరికి చూసి గిన్నె మళ్లీ నా వైపు తోసింది. కాకరకాయలో మనకి ఎంత చేదు కావాలో మనకి తెలుసు కదా, వాళ్లకీ అలాగే, చేదు మొత్తం పోకూడదు. ఉడికించి దంచిన చేమదుంపతో చిక్కబరుస్తారు. ఎర్ర పామాయిల్, ఘాటు వాసన వచ్చే 'ఒగిరి', ఎండు చేప. ఆ చేప 'ఒక్‌పొరొకో' నార్వే నుంచి వస్తుంది, యుద్ధం రోజుల్లో సహాయంగా పంపితే ఇంటింటికీ అలవాటైంది. నాకోసం చేప, మాంసం లేకుండా విడిగా ఒక గిన్నె తీసేది. "పాపం, జబ్బా?" అని మొదట్లో వచ్చినవాళ్లందరూ అడిగేవారు. మాంసం తిననంటే డబ్బు లేదని, లేదా డాక్టరు వద్దన్నాడని అనుకుంటారు. మతం అని చెప్తే వెంటనే గౌరవిస్తారు.

మీకు పొద్దుపోదన్న భయం అక్కర్లేదు. ఆడవాళ్లే మిమ్మల్ని వదలరు. 2015 నుంచి జీ వరల్డ్ ఛానెల్లో మన హిందీ సీరియళ్లు ఇంగ్లిష్ డబ్బింగ్‌తో వస్తున్నాయి. "మీ అత్తగార్లు నిజంగా అలాగే ఉంటారా?" అని మార్కెట్లో ఉల్లిపాయలమ్మే ఆవిడ నన్ను నిలదీసింది. యాభై దాటినవాళ్లయితే "నాకు లెక్కలు చెప్పింది ఇండియా మాస్టారే" అంటారు. 1970లు, 80ల్లో మనవాళ్లు చాలామంది అక్కడి బడుల్లో పనిచేశారు, ఆ మంచి పేరు మీద మేం బతికాం. కొట్టువాడు మిమ్మల్ని 'కస్టమర్' అంటాడు, మీరూ అతన్ని 'కస్టమర్' అనే పిలవాలి, నవ్వకండి. ఎడమ చేత్తో డబ్బు ఇవ్వకూడదు, ఇది మీకు చెప్పక్కర్లేదు. పొద్దున్న ఎదురైన పెద్దవాళ్లని ముందు మీరే పలకరించాలి. పలకరించకుండా పని అడిగితే ఎంత చదువుకున్నదానివైనా పెంపకం లేనిదానికిందే లెక్క.

ఆగస్టులో ఎక్కడెక్కడో ఉన్న కోడళ్లంతా ఒకే రంగు బట్టలతో ఊరికొచ్చి మీటింగ్ పెట్టుకుంటారు. ఆరోగ్య కేంద్రానికి చందా, బడికి గోడ, అన్నీ అక్కడే తేలతాయి. ఇక ఇంటి ఆడపడుచులు 'ఉమువాడా' అయితే చెప్పక్కర్లేదు. పెళ్లయి వెళ్లినా పుట్టింటి చావుకి వాళ్లొస్తే అన్నదమ్ములు వణుకుతారు. ఇంత బలం ఉన్న ఆడవాళ్లకి ఆస్తి దగ్గర మాత్రం చాలాకాలం చెయ్యే లేదు. న్నేవి ఆచారంలో మగపిల్లలు లేనివాడి ఆస్తి అన్నదమ్ముడికో, వాడి కొడుక్కో పోయేది. 1997లో అప్పీలు కోర్టు ఆ ఆచారాన్ని తప్పుపట్టింది, కూతుళ్లకు వాటా లేదనడం చెల్లదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఊళ్లో అమలు ఎంతంటే, మన దగ్గర ఆడపిల్లల చేత సంతకాలు పెట్టించుకునే అన్నల్ని తలుచుకోండి. ఇంకో మాట. 'ఒసు' అని పూర్వం దేవతలకి అంకితమైనవాళ్ల సంతతి ఉంది, వాళ్లని వెలివేసినట్టు తక్కువగా చూసేవారు. 1956లోనే చట్టం చేసి ఆ తేడా రద్దు చేశారు. కానీ పెళ్లి మాటలప్పుడు ఇప్పటికీ గుసగుసలు నడుస్తాయి. మన కులం గురించి వాళ్లడిగితే సూటిగా చెప్పండి. మనకేమీ లేనట్టు మాట్లాడి వాళ్లని జాలిగా చూడకండి, నేను ఒకసారి ఆ పొరపాటు చేసి సిగ్గుపడ్డాను.

ఇక భద్రత. దాచను. 2021 ఆగస్టు నుంచి వేర్పాటు సంస్థ పిలుపుతో సోమవారాలు బజార్లు, బడులు మూతపడుతూ వచ్చాయి. మొదట్లో భక్తితో మూసేవారు, తర్వాత భయంతో మూస్తున్నారు అని మా పక్కింటావిడ మాట. మెల్లగా కొన్నిచోట్ల తెరుస్తున్నా, మీరు మాత్రం సోమవారం ప్రయాణం పెట్టుకోకండి. చీకటి పడ్డాక ఊరి బయటికి వెళ్లొద్దు. లాగోస్ నుంచి రోడ్డు మీద రావద్దు, విమానంలో నైజర్ అవతలి ఒడ్డున ఉన్న అసబాకో, 2021లో తెరిచిన అనంబ్రా ఎయిర్‌పోర్టుకో రండి. కంపెనీ క్వార్టర్స్, జనరేటర్ డీజిల్, డ్రైవర్, ఈ మూడూ ఆఫర్ లెటర్లో ఉన్నాయో లేదో చూడండి. మాకు ఇచ్చిన మాట నోటిమాటే, రెండో ఏడాది డీజిల్ ఖర్చు మా నెత్తిన పడింది. ఎల్లో ఫీవర్ టీకా కార్డు పోవడానికీ కావాలి, మళ్లీ ఇండియాలో దిగడానికీ కావాలి. మలేరియా వస్తుంది, పాపకి దోమతెర తప్పనిసరి.

నన్నడిగితే, మీ వారు ముందు వెళ్లి మూడు నెలలు చూడనివ్వండి. అన్నీ బాగుంటే మీరు ఆగస్టుకి వెళ్లండి. అప్పుడు 'అఫియా ఒలు' అని కొత్త పెండలం పండుగ, ఎకె రోజున మొదలై నాలుగు రోజులు. అంతకుముందు కొత్త దుంప తినడం తప్పు. మన కొత్త బియ్యం పొంగలి చూసినదానికి అది పరాయి పండుగలా అనిపించదు. పాప జుట్టు చూసి ఊళ్లో ప్రతి ఆడపిల్లా జడ వేస్తానంటుంది, వేయనివ్వండి, గంటసేపు మీకు విశ్రాంతి. ఎవరైనా గుమ్మంలోకొస్తే "న్నో" అనండి, రండి అని అర్థం, ఆ ఒక్క మాట చాలు మొదటి నెలకి.

ఇల్లు ఏ పేటలో ఇస్తామన్నారో కనుక్కుని రాయండి. ఉరువాగు వైపైతే నాకు సందులు కూడా గుర్తున్నాయి, కూరగాయలు ఎక్కడ తెచ్చుకోవాలో చెప్తాను.